ఇల్లు వెతకడానికి ఏ సైటు మంచిది? హైదరాబాద్‌లో ఫ్లాట్ చూసేవాళ్లకు ఒక పోలిక

"99ఎకర్స్ మంచిదా, మ్యాజిక్‌బ్రిక్స్ మంచిదా?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను. మీరు కొనబోయేది ఏంటి? కట్టుబడిలో ఉన్న కొత్త ఫ్లాటా, పదేళ్ల పాత రీసేల్ ఫ్లాటా, కాలనీలో ఇండిపెండెంట్ ఇల్లా, ఓపెన్ ప్లాటా? ఈ నాలుగూ దొరికే చోట్లు వేరు, ఒక్కోదానికి పడాల్సిన జాగ్రత్త వేరు. అది తేల్చుకోకుండా నాలుగు యాప్‌లు దింపుకుంటే నెల తిరిగేసరికి మిగిలేది బ్రోకర్ల ఫోన్లే.

ఇంకో సంగతి కూడా ముందే అనుకోవాలి. ఈ సైట్లు మనకి ఫ్రీ. డబ్బు కట్టేది బిల్డర్లు, ఏజెంట్లు, ఎక్కువమందికి కనిపించాలనుకునే ఓనర్లు. అందుకని వెతగ్గానే పైన వచ్చేవి మనకి బాగా సరిపోయినవి కాదు, పైన కనిపించడానికి డబ్బు కట్టినవి. రెండో మూడో పేజీ దాకా వెళ్లాక గానీ అసలు సరుకు కనిపించదు. పైగా అక్కడ రాసే రేటు అమ్మేవాళ్లు చెప్పే రేటు. చివరికి ఎంతకి తెగిందో ఏ సైటూ చూపించదు. రిజిస్ట్రేషన్ శాఖ రికార్డులో ఒక అంకె ఉంటుంది కానీ, మన దగ్గర ఆ అంకెకీ చేతులు మారిన డబ్బుకీ ఎంత తేడా ఉంటుందో అందరికీ తెలిసిందే.

కాబట్టి సైటు మీద పెట్టుకోవాల్సిన ఆశ ఇంతే: ఆ ఏరియాలో ఏముందో తెలియడం, ఎంత చెప్తున్నారో తెలియడం, పనికిరానివి ఇంట్లో కూర్చునే తీసేయడం. ఇల్లు నిర్ణయమయ్యేది మాత్రం సైటులో కాదు.

పెద్ద సైట్లు నాలుగు

99ఎకర్స్ 2005లో మొదలైంది, నౌకరీ డాట్ కామ్ నడిపే ఇన్ఫో ఎడ్జ్ వాళ్లదే. పెళ్లి సంబంధాల సైటు జీవన్‌సాథీ కూడా వాళ్లదే. ఫ్లాటు ఫోటోలనీ పెళ్లిచూపుల ఫోటోల్లాగే చూడాలి అనుకుంటే సరిపోతుంది. మ్యాజిక్‌బ్రిక్స్ ఆ మరుసటి ఏడాది వచ్చింది, టైమ్స్ గ్రూపుది. హైదరాబాద్ రీసేల్ ఫ్లాట్లకి నేనైతే ఈ రెండింటితోనే మొదలుపెడతాను. కారణం వాటి డిజైన్ కాదు, బ్రోకర్లు ఎక్కువగా వీటిలో పెట్టడమే. మియాపూర్‌లోనో మణికొండలోనో ఒక గేటెడ్ కమ్యూనిటీ పేరు కొట్టి చూడండి, అందులో అమ్మకానికి ఉన్నవాటిలో చాలావరకు ఏదో ఒక రూపంలో ఇక్కడ కనిపిస్తాయి. ఒకే ఫ్లాటు ముగ్గురు బ్రోకర్ల పేరు మీద మూడు రేట్లకి కూడా కనిపిస్తుంది. అది చిరాకే గానీ మనకి లాభం కూడా. మూడు రేట్లలో తక్కువది ఓనర్ చెప్పిన రేటుకి దగ్గరగా ఉంటుందని అనుకోవచ్చు, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

హౌసింగ్ డాట్ కామ్ 2012లో ముంబైలో ఐఐటీ కుర్రాళ్లు పెట్టింది. ఇప్పుడు ఆస్ట్రేలియాకి చెందిన ఆర్ఈఏ గ్రూపు చేతిలో ఉంది. మొదటి నుంచీ మ్యాప్ మీద ఇళ్లు చూపించడం దాని బలం. కొత్త ప్రాజెక్టులు చూసేవాళ్లకి ఇది సుఖంగా ఉంటుంది: ఫ్లోర్ ప్లాన్లు, టవర్లు, ఎప్పటికి అప్పగిస్తారు అన్నవి ఒకచోట దొరుకుతాయి. అయితే ఆ పేజీలో వివరాలు చాలావరకు బిల్డర్ ఇచ్చినవేనని మర్చిపోకూడదు.

నోబ్రోకర్ 2014లో బెంగళూరులో మొదలైంది. పేరులోనే ఉంది కదా, ఓనర్‌తో నేరుగా మాట్లాడించడం దాని పని. కొంతమంది ఓనర్ల నంబర్లు చూశాక ప్లాన్ కొనుక్కోమంటుంది. అద్దె ఇల్లు వెతికేవాళ్లకి ఆ డబ్బు గిట్టుబాటే, ఎందుకంటే బ్రోకర్‌కి ఒక నెల అద్దె ఇచ్చుకోవడం కంటే చవక. కొనేవాళ్లకి లెక్క కొంచెం వేరు. కోటి రూపాయల ఫ్లాటుకి 1 శాతం కమిషన్ అంటే లక్ష రూపాయలు. అది మిగిలితే సంతోషమే. కానీ కొనుగోలులో మంచి బ్రోకర్ చేసే పని నంబర్ ఇవ్వడం ఒక్కటే కాదు. పేపర్లు తెప్పించడం, రెండు వైపులా మాట కలపడం, రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసులో నిలబడటం, ఇవన్నీ ఉంటాయి. ఆ పనులకి ఇంట్లో ఒక మనిషి ఉన్నవాళ్లు ఓనర్ దారిలో వెళ్లొచ్చు. లేనివాళ్లు కమిషన్ దగ్గర మరీ పట్టుపట్టకపోవడమే మంచిది. ఏ సైటులోనైనా ఓనర్ అని రాసుకున్న ప్రతివాడూ ఓనర్ కాదని వేరే చెప్పక్కర్లేదు. "ఫ్లాట్ ఎప్పుడు కొన్నారండీ, మెయింటెనెన్స్ ఎంత కడుతున్నారు?" అని అడగండి. ఓనర్ అయితే తడుముకోడు.

ఒక ప్రకటన దగ్గర పెట్టుకుని చూద్దాం

ఇలాంటిది రోజూ కనిపిస్తుంది: "కొండాపూర్, 3 బీహెచ్‌కే, 1650 ఎస్ఎఫ్‌టీ, ఈస్ట్ ఫేసింగ్, సెమీ ఫర్నిష్డ్, 1.35 కోట్లు, హైటెక్ సిటీకి 10 నిమిషాలు."

ముందు 1650 చదరపు అడుగులు. ఇది సూపర్ బిల్టప్. అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్ హౌస్‌లో మీ వాటా కలిపిన అంకె. మీరు చాప పరుచుకుని కూర్చోగలిగే చోటు కార్పెట్ ఏరియా. అది ఈ ఫ్లాటులో 1100 నుంచి 1200 మధ్య ఉండొచ్చు. ప్రకటనలో రాసిన అంకె మీద చూస్తే అడుగు దాదాపు 8,200. కార్పెట్ 1150 అనుకుంటే అడుగు 11,700 దాటుతుంది. రెండు ఫ్లాట్లు పోల్చేటప్పుడు రెండింటికీ కార్పెట్ మీదే లెక్క వేయాలి. చిన్న అపార్ట్‌మెంట్‌లో కామన్ ఏరియా తక్కువ, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఎక్కువ. సూపర్ బిల్టప్ ఒకటే అయినా లోపల ఒక గది అంత తేడా వస్తుంది.

తర్వాత 1.35 కోట్లు. 75 లక్షలు దాటిన హోమ్ లోన్‌కి ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. అంటే లోన్ గరిష్ఠంగా 1.01 కోట్లు. చేతిలోంచి 33.75 లక్షలు. తెలంగాణలో 2022 నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 10 లక్షల పైన, దానికి లోన్ రాదు. బ్రోకర్ కమిషన్, సొసైటీ ట్రాన్స్‌ఫర్ ఫీజు, రంగులు, చిన్నా చితకా మరమ్మతులు కలుపుకుంటే చేతిలో 46, 47 లక్షలు లేనిదే ఈ ప్రకటన మీద ఫోన్ చేయడం దండగ. "రిజిస్ట్రేషన్ 90కే చేద్దాం, మిగతాది క్యాష్" అని ఓనర్ అంటే బ్యాంకు లెక్క ఆ 90 మీదే వేస్తుంది. అప్పుడు చేతిలోంచి పెట్టాల్సింది ఇంకా పెరుగుతుంది. అది చట్టవిరుద్ధం అన్నది అలా ఉంచితే, రేపు మీరు అమ్మేటప్పుడు క్యాపిటల్ గెయిన్స్ (అమ్మిన లాభం మీద పన్ను) లెక్కలో ఆ తేడా మీ నెత్తిన పడుతుంది.

ఈస్ట్ ఫేసింగ్ అంటే ఫ్లాటు మెయిన్ డోర్ తూర్పుకి అని. కొందరు బిల్డింగ్ గేటు తూర్పుకి ఉన్నా అలాగే రాసేస్తారు. ఫోన్లోనే తేల్చుకోండి. ఫేసింగ్ ఫిల్టర్ మాత్రం వాడొద్దని నా సలహా. చాలామంది ఆ గడి నింపరు, నింపినవాళ్లు తప్పు నింపుతారు, దాంతో మంచి ఫ్లాట్లు కంటికి కనిపించకుండా పోతాయి. వాస్తు పట్టింపు లేనివాళ్లకి ఇంకో మాట: వెస్ట్, సౌత్ ఫేసింగ్ ఫ్లాట్లు ఇక్కడ త్వరగా అమ్ముడుపోవు, బేరానికి చోటు ఎక్కువ. మళ్లీ అమ్మేటప్పుడు మీకూ అదే ఇబ్బంది ఉంటుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

హైటెక్ సిటీకి 10 నిమిషాలట! ఆదివారం తెల్లవారుజామున కావచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో బయల్దేరే టైమ్ సోమవారం ఉదయం 9 గంటలు అని పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సాయంత్రం 6:30కి తిరుగు ప్రయాణం కూడా చూడండి.

ఇక కొండాపూర్. మన సైట్లలో పేరున్న ఏరియాలు సాగుతూ పోతుంటాయి. కొత్తగూడ, మసీద్ బండ, హఫీజ్‌పేట వైపున్నవి కూడా కొండాపూర్ కింద పెడతారు. గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ దాకా అందరూ గచ్చిబౌలి అనేస్తారు. ఉప్పల్ అంటే బోడుప్పల్, పీర్జాదిగూడ దాటి కూడా వెళ్లొచ్చు. అందుకే ఏరియా పేరుతో కాకుండా మ్యాప్ మీద గీత గీసుకుని వెతకడం, లేదా నచ్చిన నాలుగైదు కమ్యూనిటీల పేర్లు రాసుకుని పేరుతోనే వెతకడం మంచిది. రెండో పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం. కమ్యూనిటీ పేరుతో వెతికితే నీళ్లు ఎలా ఉన్నాయి, లిఫ్టు ఎన్నిసార్లు ఆగుతుంది, మంజీరా కనెక్షన్ ఉందా లేక ట్యాంకర్లేనా అన్నవి అక్కడుండే వాళ్లని అడిగి తెలుసుకోవచ్చు. ఎండాకాలంలో ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుపుతారా, విడిగా వసూలు చేస్తారా అన్న ప్రశ్నకి ఏ సైటులోనూ జవాబు దొరకదు.

ఫిల్టర్లు, ఫోన్లు, ఎర ప్రకటనలు

బడ్జెట్ ఫిల్టర్‌ని మీ పరిమితికి 10 శాతం పైన పెట్టండి. 1.2 కోట్ల వరకే కొనగలిగినా 1.32 దాకా చూడాలి, ఎందుకంటే చెప్పే రేటులో బేరానికి కొంత కలిపే ఉంటుంది. బెడ్‌రూమ్‌ల సంఖ్య, బిల్డింగ్ వయసు, రెడీ టు మూవ్ అన్నవి తప్ప మిగతా ఫిల్టర్లు నేను ముట్టుకోను. "తాజాగా పెట్టినవి" అన్న వరస కూడా నమ్మదగ్గది కాదు. పాత ప్రకటనని రిఫ్రెష్ చేస్తే మళ్లీ పైకి వస్తుంది. అలా నెలల తరబడి పైకొస్తున్న ఫ్లాటు గుర్తుపట్టగలిగితే మీకే మేలు. ఓనర్ విసిగిపోయి ఉంటాడు. లేదా పేపర్లలో ఏదో మెలిక ఉంటుంది. రెండింటిలో ఏదో కనుక్కోవాలి.

ఒక సైటులో నంబర్ ఇస్తే చాలు, వారం రోజులు ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఇల్లు వెతికినన్నాళ్లూ వేరే సిమ్ పెట్టుకోవడం ఎంతో హాయి, ఆ టెన్షన్ ఆఫీసు ఫోన్ దాకా రాదు.

చూడగానే బాగుండి, రేటు చుట్టుపక్కల కంటే 20 శాతం తక్కువ ఉన్నది దాదాపు ఎప్పుడూ ఎరే. ఫోన్ చేస్తే వచ్చే జవాబు అందరికీ కంఠస్థం: "అది నిన్ననే అయిపోయింది సార్, అలాంటిదే ఇంకోటి ఉంది, ఎప్పుడొస్తారు?" వెళ్లే ముందు మూడు అడగండి. ఏ బ్లాక్, ఎన్నో ఫ్లోర్? కార్పెట్ ఎంత? వాట్సాప్ వీడియో కాల్‌లో గేటు దగ్గర నుంచి ఫ్లాటు లోపలి దాకా నడుస్తూ చూపిస్తారా? మూడోదానికి ఒప్పుకున్నారంటే ఫ్లాటు ఉన్నట్టే.

ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఇండిపెండెంట్ ఇళ్లు, ఊరి చివర ప్లాట్లు బాగానే దొరుకుతాయి. మోసాలూ అక్కడే ఎక్కువ. "ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అడ్వాన్స్ వేయండి" అన్న పాట ఇంకా పాతబడలేదు. ఇల్లు చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి.

ప్రకటన పక్కన తెరిచి పెట్టుకోవాల్సిన ప్రభుత్వ సైట్లు

కట్టుబడిలో ఉన్న ఫ్లాట్లయితే పోర్టల్ కంటే ముందు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైటే చూడమంటాను. తెలంగాణకి ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కి ఒకటి ఉన్నాయి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ 8 ఫ్లాట్లు మించి గానీ కడితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టర్ కాకముందే ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం నేరం. ప్రీ లాంచ్ ఆఫర్ పేరుతో అడుగు రెండు వేలు తక్కువకి వస్తోందంటే, ఆ రెండు వేలు మీరు తీసుకుంటున్న రిస్క్ ధర. ఎంతోమంది మధ్యతరగతి వాళ్ల డబ్బు అలా ఇరుక్కుపోయింది. ప్రకటనలో రెరా నంబర్ వేయాలన్నది చట్టంలోనే ఉంది. ఆ నంబర్ సైటులో కొడితే అనుమతి పొందిన ప్లాను, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారో తేదీ, కార్పెట్ ఏరియా కనిపిస్తాయి. రీసేల్ వాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. 2017 తర్వాత మొదలైన ప్రాజెక్టులో పాత ఫ్లాటు చూస్తుంటే, బ్రోకర్ చెప్పని కార్పెట్ ఏరియా ఇక్కడ దొరకొచ్చు.

కొత్త ఫ్లాటుకీ రెడీ ఫ్లాటుకీ రేటు పోల్చేటప్పుడు జీఎస్టీ మర్చిపోతుంటారు. కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేసిన ఫ్లాటుకి జీఎస్టీ లేదు. కట్టుబడిలో ఉంటే 5 శాతం. 45 లక్షల లోపు, 60 చదరపు మీటర్ల కార్పెట్ లోపు ఉన్న చిన్న ఫ్లాట్లకి మాత్రం 1 శాతం.

రీసేల్ ఫ్లాటు నచ్చితే లింక్ డాక్యుమెంట్ (ఇంతకుముందు అమ్మకం దస్తావేజు) నంబర్ అడిగి రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ చూడండి. డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెలిస్తే చాలు. ఫ్లాటు ఎన్ని చేతులు మారిందో, రిజిస్టర్ అయిన తాకట్టు ఏదైనా ఉందో అందులో తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఎ జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందేమో కూడా చూడాలి. డాక్యుమెంట్ నంబర్ ఇవ్వడానికి నసిగే ఓనర్ దగ్గర టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాక అందరికీ చెరువుల సంగతి గుర్తొచ్చింది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు ఎఫ్‌టీఎల్. 10 హెక్టార్లకి పైబడ్డ చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు బఫర్ జోన్, చిన్నవాటికి 9 మీటర్లు. ఏ ప్రకటనలోనైనా "లేక్ వ్యూ" అని కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల సైటులో మ్యాపులు ఉన్నాయి. వాటితో పాటు గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల శాటిలైట్ ఫోటోలు వెనక్కి జరిపి చూడండి. ఇప్పుడు టవర్ ఉన్నచోట పదిహేనేళ్ల కిందట నీళ్లు మెరిసి ఉంటే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

సైట్లకి అందనివి

మల్కాజిగిరి, ఏఎస్ రావు నగర్, దిల్‌సుఖ్‌నగర్ లాంటి పాత కాలనీల్లో 150, 200 గజాల ఇండిపెండెంట్ ఇళ్లు ఆన్‌లైన్‌కి పూర్తిగా రావు. పెద్దవాళ్లు ఓనర్లుగా ఉంటారు, పిల్లలు బయట ఉంటారు, అమ్మకం కబురు ముందు వీధిలోనే తెలుస్తుంది. అక్కడ ఆదివారం పేపర్ క్లాసిఫైడ్స్, గేటుకి కట్టిన బోర్డు, కాలనీలో ఇస్త్రీ బండి అతను మీ యాప్ కంటే మేలు. గేటెడ్ కమ్యూనిటీల్లోనూ ఇంతే: ఓనర్లు ముందు తమ వాట్సాప్ గ్రూపులో పెడతారు, అక్కడ పోకపోతేనే సైటుకి వస్తుంది. ఆ కమ్యూనిటీలో మీకు తెలిసినవాళ్లు ఒక్కరుంటే చాలు.

ఓపెన్ ప్లాట్ల విషయంలో ఆన్‌లైన్ ప్రకటన విలువ బాగా తక్కువ. ఫోటోలో కనిపించేది ఎర్రమట్టి, నాలుగు రాళ్లు. లేఅవుట్‌కి హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) అనుమతి ఉందా, లేకపోతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్‌ని క్రమబద్ధం చేసే ఫీజు) కట్టారా, సర్వే నంబర్ ఏంటి? ఈ మూడూ లేని ప్రకటన చూడకపోయినా నష్టం లేదు.

విజయవాడ, గుంటూరు, వైజాగ్‌లలో వెతికేవాళ్లకి ఇదే పద్ధతి పనిచేస్తుంది గానీ ప్రకటనలు పలచగా ఉంటాయి. స్థానిక బ్రోకర్ల మీద ఎక్కువ ఆధారపడాలి. అక్కడ స్థలాల లెక్క గజాల్లో, సెంట్లలో చెప్తారు. సెంటు అంటే 48.4 గజాలు. నెల్లూరు వైపు అంకణాలు వస్తాయి, ఎన్ని అడుగుల అంకణమో ముందే అడిగి రాసుకోండి.

బ్యాంకు వేలాల గురించి చాలామందికి తెలియదు. అప్పు ఎగ్గొట్టినవాళ్ల ఇళ్లని 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు వేలం వేస్తాయి. ప్రభుత్వ రంగ బ్యాంకులవి బ్యాంక్‌నెట్ అనే సైటులో ఉంటాయి. రేటు తక్కువ, నిజమే. కానీ పాడిన రోజో మరుసటి పనిదినమో 25 శాతం కట్టాలి, మిగతాది మామూలుగా 15 రోజుల్లో. అంత త్వరగా హోమ్ లోన్ రావడం కష్టం. లోపల ఎవరైనా కాపురం ఉంటే ఖాళీ చేయించే గొడవ, మెయింటెనెన్స్ బాకీలు, కోర్టు కేసులు ఉంటే అవి, అన్నీ ఉన్నదున్నట్టుగానే తీసుకోవాలి. చేతిలో డబ్బు, పక్కన లాయరు ఉన్నవాళ్లకి తప్ప మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి నేను చెప్పను.

డల్లాస్‌లోనో లండన్‌లోనో కూర్చుని వెతికేవాళ్లు పోర్టల్‌లో పది ఫ్లాట్ల జాబితా వరకు తామే చేసుకోవచ్చు. ఆ తర్వాత మాత్రం ఇక్కడ బంధువు ఒకరు వెళ్లి చూడాల్సిందే, అదీ ఒకసారి పగలు, ఒకసారి రాత్రి 8 తర్వాత. ఇక్కడున్నవాళ్లు అలాంటి ఎన్‌ఆర్‌ఐ దగ్గర కొంటుంటే టీడీఎస్ (ఓనర్‌కి ఇచ్చే డబ్బులోంచి కొనేవాళ్లు ముందే కోసి కట్టే పన్ను) లెక్క మారిపోతుంది. మామూలుగా 50 లక్షలు, ఆ పైన ఇంటికి కోసేది 1 శాతమే, ఎన్‌ఆర్‌ఐ ఓనర్ అయితే చాలా ఎక్కువ. అందుకని "ఓనర్ ఎక్కడుంటారు?" అన్నది టోకెన్ అడ్వాన్స్ ఇచ్చాక కాదు, మొదటి ఫోన్లోనే అడగాలి.